సున్నం కాదు, చూర్ణం

నేను పరిశోధన మొదలుపెట్టిన ఏళ్ళలో బళ్ళారి అంతా ఎర్రగా ఉండేది. కొండల్లో తవ్విన ఇనుప మట్టికి సముద్రం అవతల గిరాకీ వచ్చింది. పగలూ రాత్రీ లారీలే. ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగేది. నిన్నటిదాకా సైకిల్ మీద తిరిగినవాడు కారు దిగేవాడు, కొత్తగా ధణి అయినవాడు హెలికాప్టరు దిగేవాడు. మా వైపు యజమానిని ధణి అంటారు, అది కన్నడం మాట. గని ధణి అంటే ఆ రోజుల్లో దేవుడి తర్వాత అంతటివాడు.

అప్పుడు నేను తెక్కలకోటలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి బళ్ళారి వచ్చేదాన్ని. బళ్ళారిలో మా అమ్మా నాయనా ఉండేవారు. నాయన బడిపంతులుగా రిటైరయ్యాడు. సండూరు పోయే దోవలో ఒక పల్లెలో మిషను బడి ఉండేది. ఆయన ఉద్యోగమంతా అక్కడే, తెలుగు చెప్తూ గడిచిపోయింది. రిటైరైన తర్వాత మా క్రైస్తవ సంఘం వాళ్ళ ఇళ్ళుండే వీధిలో రెండు గదుల ఇల్లు తీసుకుని, సంఘ పెద్దగా ఉండేవాడు. ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన చేయించే పని ఆయనదే. ఆయన ఒక్కొక్క మాటే చెప్తాడు, ప్రతి మాటకూ మేమంతా 'మా మనవి ఆలకించుము' అని బదులు చెప్తాం. ఆయన గొంతు పెద్దది కాదు. కానీ ఆ చిన్న గుడిలో అది చివరి వరుస దాకా తిన్నగా వచ్చేది.

నా పరిశోధన కార్నివాల్ గురించి. అంటే జాతరలో, పండుగలో ఒక్క రోజుకు లోకం తలకిందులు కావడం. ఆ రోజు బంటు రాజవుతాడు, రాజు నవ్వులపాలవుతాడు. ఆడేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు అని ఉండదు. ఆ నవ్వుకు కర్త ఎవరంటే ఎవరూ కాదు, అందరూ. ఇదంతా నేను పుస్తకాల్లో చదివి రెండేళ్ళపాటు నోట్సు రాసుకున్నాను. మా గైడు కన్నడాయన, పెద్దమనిషి. ఒకరోజు నా కాగితాలన్నీ తిరగేసి, "అమ్మా, అన్నీ దూరదేశాల ఉదాహరణలే. నువ్వు పుట్టిన జిల్లాలో జనం నవ్వరా?" అని అడిగారు.

నాకు సిగ్గేసింది. నవ్వుతారని నాకు తెలుసు. మా వైపు పీర్ల పండుగకు ఊరంతా కదులుతుంది. ముస్లింల పండుగే అయినా పీర్లను ఎత్తుకునేవాళ్ళలో సగం మంది హిందువులు. పులివేషం, ఎలుగుబంటి వేషం, మగవాళ్ళ ఆడవేషం, ఊళ్ళో పెద్దవాళ్ళను ఎగతాళి చేసే ఆటలు, అన్నీ ఉంటాయి. అయితే నేను ఒక్కసారి కూడా దగ్గరుండి చూడలేదు. మా ఇంట్లో నిషేధం. తప్పెట్ల మోత వీధిలోకి రాగానే నాయన కిటికీ రెక్కలు వేసి, "మనం చూడగూడదు పాపా" అనేవాడు. కోపంగా కాదు, చలిగాలి వస్తుంది అన్నట్టుగా అనేవాడు. నేను గోడకు చెవి ఆనించి వినేదాన్ని.

ముప్పై దాటిన వయసులో, కాలేజీకి సెలవు పెట్టి, మొదటిసారి వేషాలు చూడడానికి పోయాను. ఇంట్లో చెప్పలేదు. నాయన పనిచేసిన ఊరికే పోయాను. ఆ ఊరి ఆట బాగుంటుందని బళ్ళారి బస్టాండులో టీ అమ్మేవాడు కూడా చెప్పాడు.

నేను చేరేసరికి మిట్ట మధ్యాహ్నం. బడి ముందర రోడ్డు నిండా జనం, ఆగిపోయిన లారీలు. నడుమ నలుగురి భుజాల మీద ఒక హెలికాప్టరు ఊగుతూ వస్తోంది. వెదురు బద్దలతో కట్టి, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీని తిరగేసి చుట్టారు. పైన పాడైపోయిన సీలింగు ఫ్యాను రెక్కలు. ఒకడు పక్కనే నడుస్తూ తాడు లాగుతుంటే అవి కిర్రుకిర్రుమని తిరుగుతున్నాయి. లోపల ధణి కూర్చున్నాడు. కోటు, నల్లకళ్ళజోడు, మెడలో ప్లాస్టిక్ పూలదండ, చేతిలో రెండు సెల్ ఫోన్లు. ఒక ముసలాయన భుజాన తుండు వేసుకుని, ముందుకొచ్చి చేతులు జోడించి అన్నాడు:

"కొండను సున్నము చేసిన ధణీ!"

రెండు వందల గొంతులు ఒక్కసారిగా లేచాయి: "మా మనవి ఆలకించుము!"

ధణి చెవికి చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంది? ఏమంటాండారు? ఫ్యాను సద్దులో కేళస్తిల్లప్పా!" కేళస్తిల్ల అంటే కన్నడంలో వినపడటం లేదని.

"ఆకాశము నుండి ఎర్ర మన్నా కురిపించిన ధణీ!"

"మా మనవి ఆలకించుము!"

"కేళస్తిల్ల! గట్టిగా చెప్పండప్పా!"

"మా గొంతులోనే గని తవ్విన ధణీ!"

జనం ఇంకా గట్టిగా అరిచారు. ఆయనకు ఇంకా వినపడలేదు. ఆట అంతా అదే. వాళ్ళు అరిచేకొద్దీ ఆయన చెవి ఇంకా మందగిస్తుంది. చిట్టచివరకు అరుపుల ధాటికి హెలికాప్టరు ఒరిగి, ధణి జనం చేతుల్లో పడతాడు. వాళ్ళు ఆయన్ను కింద పడనీయరు. ఎత్తుకుని ఊరంతా తిప్పుతారు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆగిపోయిన లారీల్లో నుంచి డ్రైవర్లు తలలు బయటపెట్టి 'మా మనవి' అంటున్నారు. నేను చేతిలో చిన్న రికార్డరు పట్టుకుని నిలబడ్డాను. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, నేను కూడా అరుస్తున్నాను.

ఆట అయిన తర్వాత ధణి వేషం వేసినతన్ని బడి అరుగు మీద పట్టుకున్నాను. కోటు విప్పి, చెమట తుడుచుకుంటున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. నిజానికి అతను లారీ డ్రైవరు, ఏడాది పొడవునా ఒక ధణి దగ్గరే మట్టి తోలుతాడు.

"ఇది ఎవరు రాశారు?" అని అడిగాను.

"రాసేదేంది మేడం? ఊరంతా కలిసి పాడతాం."

"మొదట ఎవరో ఒకరు కట్టి ఉంటారు కదా?"

అతను నా మొహం వైపు ఒక్క క్షణం చూసి, నీళ్ళచెంబు ఎత్తుకున్నాడు. "ఎవురూ కట్టల్యా మేడం. అదే వచ్చింది."

"రేపు మళ్ళీ అదే లారీ, అదే ధణి. ఈ ఒక్కరోజు నవ్వితే ఏం లాభం?" ఇది మా గైడు అడగమన్న ప్రశ్న.

అతను చెంబు కింద పెట్టాడు. "రేపు ఈ బడి కాడికి వస్తానే, పిల్లోల్లు నన్ను చూసి 'మా మనవి' అని అరుస్తారు మేడం. నాకు నగు వస్తాది. నగు వస్తే కాలు బ్రేకు మీద పడతాది. ఈ దోవలో తిరిగే డ్రైవర్లందరికీ అట్లనే అయితాంది. ముందు ఈడ ఎవుడూ స్పీడు తగ్గించేవాడు కాదు."

ఆ మాట రాసుకున్నాను. నా పరిశోధనలో అంత విలువైన మాట ఇంకొకటి లేదు.

తెక్కలకోటలో నా గదిలో కూర్చుని రికార్డింగు విని, ఒక్కొక్క పంక్తీ కాగితం మీద దించుకున్నాను. వీధిలో విన్నప్పుడు నవ్వులో కొట్టుకుపోయినవి ఇప్పుడు ఒక్కటొక్కటిగా తేలాయి. 'ఆలకించుము', 'మమ్మును', 'నిమిత్తము'. ఇది ఆ ఊళ్ళో ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. మన్నా అంటే బైబిల్లో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం, ఆ మాట ఆ ఊళ్ళో ఎంతమందికి తెలుసు? ఇది మా గుడి తెలుగు. ఒకరు చెప్పడం, అందరూ బదులు పలకడం అనేది కూడా గుడి పద్ధతే. ప్రార్థన ఆకారాన్ని తెచ్చి ధణికి తొడిగారు. ఒక ప్రక్రియను ఇంకొక ప్రక్రియ వేషంగా వేసుకోవడం గురించి నేను ఒక అధ్యాయమే రాసి ఉన్నాను. కాబట్టి నాకు చాలా సంతోషమైంది.

ఆ సంతోషం ఏడో పంక్తి దాకానే నిలిచింది. ఏడో పంక్తి ఇది: 'దోవ దాటువారిని, దాటించువారిని, దాటలేక నిలిచినవారిని చూడుము ధణీ.'

నేను పెన్ను కింద పెట్టేశాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున ప్రార్థన ఆ మాటలతోనే ముగిసేది. అది ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదు. పిల్లల్ని చేయిపట్టి రోడ్డు దాటించే ఒక బడిపంతులు తనకోసం తాను చేసుకున్న మాట. కిటికీ రెక్కలు వేసిన మనిషి మాట.

ఆ శనివారం ఇంటికి పోయి అన్నం తిన్నాక, రికార్డరు ముందుగది బల్లమీద పెట్టాను. అమ్మ నేలమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాయన పడక కుర్చీలో ఉన్నాడు.

"నాయనా, ఒక పాట వింటావా? నా రీసెర్చిది" అన్నాను.

"వింటాలే. పెట్టు."

తప్పెట్ల మోత మొదలవగానే ఆయన చూపు కిటికీ వైపు పోయింది. తర్వాత రికార్డరు వైపు తిరిగింది. ముసలాయన గొంతు వచ్చింది: 'కొండను సున్నము చేసిన ధణీ!'

"సున్నం కాదు, చూర్ణం!" అన్నాడు నాయన, కుర్చీలో నుంచి సగం లేచి. "కొండను చూర్ణము చేసిన ధణీ! ఎర్రమట్టి యాడన్నా సున్నం అవుతాదా?"

గదిలో రికార్డరు ఒక్కటే అరుస్తోంది. నాయన నా మొహం చూశాడు. తర్వాత అమ్మ మొహం చూశాడు. అమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అమ్మ అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

"దొరికిపోతివి కదా సారూ" అంది అమ్మ. ఊరందరూ ఆయన్ను సార్ అంటారు కాబట్టి అమ్మ కూడా ముద్దుకు అలాగే పిలిచేది.

"నీకు తెలుసా అమ్మా?"

"నాలుగేండ్ల నుంచి రాస్తాండాడు. కాగితాలు నా కుట్టుమిషను డ్రాయర్లో పెడతాడు. నేను చూడనట్టే ఉంటా."

నాయన తల వంచుకుని కూర్చున్నాడు. తప్పు చేసి దొరికిన పిల్లలు ఆయన ముందర ఎలా నిలబడేవారో ఇప్పుడు ఆయన అలా ఉన్నాడు.  ఆయన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, "ఎందుకు రాసినావు నాయనా?" అని అడిగాను.

ఆయన చెప్పినది ఇది. లారీలు మొదలైన కొత్తలో బడి ముందర రోడ్డు దాటడం గండమైపోయింది. ఒకసారి మూడో తరగతి పాపను లారీ అద్దం కొట్టి పడేసింది. భుజం విరిగింది, ప్రాణం దక్కింది. ఆ రోజు నుంచి నాయన అర్జీలు రాయడం మొదలుపెట్టాడు. తాలూకా ఆఫీసులో కన్నడమే నడుస్తుంది కాబట్టి కన్నడంలో రాశాడు. అక్కడ అర్జీని మనవి అంటారు. ఒక మనవి, ఇంకొక మనవి, దానికి కార్బను కాపీ, దానికి గుర్తు చేస్తూ మరొకటి. ఎవరూ బదులు రాయలేదు. రిటైరయ్యే ఏడు, పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. ఆ డ్రైవరే. సార్, పండుగకు ఒక ఆట కట్టియ్యండి, ధణి వేషం వేస్తా అన్నాడు. నాయన కుదరదు అన్నాడు. వాడు పోయాడు. మరుసటి ఆదివారం గుడిలో నిలబడి విజ్ఞాపన చేయిస్తుంటే, జనం 'మా మనవి ఆలకించుము' అన్నప్పుడు, నాయనకు ఆఫీసులో ఇచ్చిన మనవి గుర్తొచ్చింది.

"రెండూ మనవులే కదా పాపా" అన్నాడు. "ఆడ ఆలకించేవాడు లేడు. ఆలకించని వాని ముందర ఆలకించుము అని అరిస్తే ఎట్లుంటాది అనిపించింది. ప్రార్థనలో నిలబడి నాకు నగు వచ్చింది. ఆ పొద్దు ఇంటికొచ్చి రాసినా."

"వాళ్ళు నీ పేరు చెప్పలేదు. నేను అడిగినా చెప్పలేదు."

"నేనే చెప్పొద్దంటి. సంఘంలో తెలిస్తే బాగుండదు."

"ఆట ఎప్పుడన్నా చూసినావా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. నాలుగేళ్ళు రాసి, ఒక్కసారి కూడా చూడలేదు. కాగితం మడిచి డ్రైవరు చేతికిచ్చేవాడు, పండుగ రోజు ఇంట్లో కిటికీలు వేసుకుని కూర్చునేవాడు. ఇంతకాలం గోడకు ఈ పక్క ఉండిపోయింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆయన కూడా ఈ పక్కనే ఉండి, తను రాసిన మాటను ఊరు ఎలా పలుకుతుందో తెలియకుండానే బతికాడు.

"మళ్ళా ఒకసారి పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. జనం బదులు చెప్పిన ప్రతిసారీ ఆయన వేళ్ళు కుర్చీ చేతి మీద కదిలాయి. నడుమ రెండు చోట్ల ఉలిక్కిపడ్డాడు. తను బాగా కష్టపడి రాసిన ఒక పంక్తిని వాళ్ళు వదిలేశారు. తను ఎన్నడూ రాయని ఒక బండమాట, ధణి లుంగీ గురించి, చేర్చారు. మొదట ఆయన మొహం చిన్నబోయింది. ఆ మాటకు జనం ఎంత నవ్వారంటే రికార్డరులో అది వాన పడినట్టుంది. ఆ నవ్వు వింటూ వింటూ ఆయన పెదవి కూడా నవ్వుకు విచ్చుకుంది.

"ఎంతమంది ఉంటారు పాపా?"

"రెండు వందలు పైనే."

"రెండు వందలా!" అన్నాడు. గుడిలో ఆయనకు బదులు పలికేది నలభై మంది.

అప్పుడు నేను డ్రైవరు చెప్పిన బ్రేకు మాట చెప్పాను. నాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. అమ్మ లేచి లోపలికి పోయి, అడగకుండానే టీ పెట్టుకొచ్చింది.

మరుసటి ఏడు వేషాల రోజు ఆదివారం పడింది. ఆరాధన అయిపోయాక గుడి బయట నాయన చేతిలోని బైబిలు సంచి తీసుకుని, "బస్సుంది, పోదాం రా నాయనా" అన్నాను. ఆయన అటూ ఇటూ చూశాడు. "చొక్కా మార్చుకోనన్నా లేదు" అన్నాడు. అదొక్కటే అభ్యంతరమైతే ఆయన వస్తాడని నాకు అర్థమైంది. అమ్మ రాలేదు. "నేను రికార్డరులో విన్నది చాలు. దుమ్ము నాకు పడదు" అంది.

ఊళ్ళో దిగేసరికి ఆట మొదలైంది. నాయన టీకొట్టు పందిరి కింద, స్తంభం చాటున నిలబడ్డాడు. చాటు ఎందుకు పనికొస్తుంది, ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాళ్ళే. ఒకరిద్దరు చూసి నవ్వి, చూడనట్టు మొహం తిప్పుకున్నారు. ఎవరూ ఆయన్ను పిలవలేదు. ఆ మర్యాద నేను ఇప్పటికీ మరచిపోలేను.

హెలికాప్టరు వచ్చింది. ఈ ఏడు దానికి తోక కూడా పెట్టారు. ముసలాయన ముందుకొచ్చి మొదటి మాట అనగానే, నా పక్కన నాయన గొంతు వినిపించింది. అది పలికించే గొంతు కాదు, పలికే గొంతు. 'మా మనవి ఆలకించుము.' రెండో మాటకు చేతిలోని టీ గ్లాసు ఒలికింది. ధణి కేళస్తిల్ల అన్నప్పుడు, ఆరాధనకు వేసుకున్న తెల్లచొక్కా మీద టీ మరకతో, మా నాయన అందరికంటే గట్టిగా అరిచాడు. ధణి జనం చేతుల్లో పడేటప్పుడు ఒక్క క్షణం తల తిప్పి పందిరి వైపు చూశాడు. కళ్ళజోడు వెనక కళ్ళు కనపడలేదు. కానీ పడుతూ పడుతూ నమస్కారం పెట్టాడు.

సంగతి సంఘానికి చేరడానికి వారం కూడా పట్టలేదు. పాస్టరుగారు కోస్తా నుంచి వచ్చినాయన, చిన్నవయసు, నెమ్మదస్తుడు. పెద్దల సభలో నాయన్ను కూర్చోబెట్టి, "అయ్యగారూ, మీరే రాస్తున్నారని విన్నాను. ప్రార్థనను ఎగతాళి చేయడం కాదా ఇది?" అని అడిగారట. నాయన అబద్ధం చెప్పలేదు.

"ప్రార్థనను కాదయ్యా," అన్నాడట. "మనుషుల చేత ప్రార్థన చేయించుకుంటాండే వాణ్ణి."

సభలో కొందరు తల ఊపారు, కొందరు ఊపలేదు. చివరకు మూడు నెలలు ఆయన ముందుకొచ్చి ప్రార్థన చేయించకూడదని తీర్మానించారు. నాయన సరే అన్నాడు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ మూడు నెలలు నేను ఏ ఆదివారమూ తప్పలేదు. ఆడవాళ్ళ వైపు కూర్చోవలసినదాన్ని, మూడో వరుసలో ఆయన పక్కనే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. వేరొక సంఘ పెద్ద విజ్ఞాపన చేయిస్తుంటే, నాయన అందరితో కలిసి బదులు పలికేవాడు. నాకు ఆయన్ను చూస్తే బాధ కలిగేది. ఒకరోజు ఇంటికి నడిచి వస్తూ ఆ మాటే అన్నాను.

"బాధేంది పాపా. ఇన్నేండ్లు ముందర నిలబడి చెప్తానే ఉంటి. పక్కోడి గొంతులో నా గొంతు కలిస్తే ఎట్లుంటాదో మర్చిపోయింటి. ఇప్పుడు బాగుండాది" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడేమో అని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అన్నాడు.

ఇక నా సిద్ధాంత గ్రంథం దగ్గర చిక్కొచ్చింది. కర్త లేని నవ్వు అని నేను రాసిన అధ్యాయానికి ఇప్పుడు ఒక కర్త ఉన్నాడు. పైగా ఆయన నా తండ్రి. గైడుగారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "పేరు పెట్టి రాయి. సిద్ధాంతం ఒప్పుకోకపోతే సిద్ధాంతాన్ని సవరించు, మీ నాన్నను కాదు" అన్నారు. నాయన ఒప్పుకోలేదు.

"చూర్ణం నాది. సున్నం వాళ్ళది" అన్నాడు. "లుంగీ మాట కూడా వాళ్ళదే. నా పేరు పెడితే అది నా నెత్తిన పడతాది."

"అది తీసేసి మిగతాది..."

"అది తీస్తే ఆటే లేదు పాపా. నువ్వు విన్నావు కదా ఎట్ల నవ్వినారో."

చివరకు నేను ఇలా రాశాను: 'ఒక బడిపంతులు రాయగా, ఊరు దిద్దినది.' వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ వాక్యం దగ్గరే వేలుపెట్టి, "ఇందులో బడిపంతులుది ఎంత, ఊరిది ఎంత?" అని అడిగాడు. తయారు చేసుకుపోయిన జవాబులన్నీ మరచిపోయాను. "సార్, పంతులుగారు నాది అని ఒప్పుకున్న మాట ఒక్కటే ఉంది, చూర్ణం. అది ఎవరూ పాడరు" అన్నాను. ఆయన పేజీ తిప్పాడు. పట్టా వచ్చింది. నాయన ఆ పుస్తకాన్ని అట్ట వేసి బీరువాలో పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి చదవలేదు, తెలుగు పంక్తులున్న పేజీల్లో మాత్రం మూడు చోట్ల ముద్రారాక్షసాలు పట్టి పెన్సిలుతో దిద్దిపెట్టాడు.

తర్వాత కోర్టు ఉత్తర్వుతో గనులు ఆగిపోయాయి. ఒకరోజు లారీలు బారులు తీరి ఉన్నవి ఉన్నచోటే నిలిచిపోయాయి. టైర్లు దిగిపోయి, కింద గడ్డి మొలిచింది. దుమ్ము తగ్గింది, పని కూడా పోయింది. డ్రైవరు భార్యది సిరిగేరి. అతను అక్కడ మామగారి వరిమడి చేసుకోవడానికి పోయాడు. పండుగకు మాత్రం ఊరికి వస్తాడు. ఆ ఏడు పండుగకు నెల ముందు ఇంటికొచ్చి, నాయన ముందర తలగోక్కుంటూ నిలబడ్డాడు.

"సార్, ఇప్పుడు ధణి ల్యాడు. ఎవుర్ని నగాల?"

నాయన ఆలోచించాడు. "మనల్నే నగుదాంలే. లారీ వస్తే తిడితిమి, రాకుంటే ఏడుస్తాండాం. ఖాళీ లారీ వేషం కట్టు" అన్నాడు. అతను పోయాక నా వైపు తిరిగి, "నువ్వు డాక్టరమ్మవు కదా, ఒక మాట నువ్వు కూడా రాయి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం బల్లకు చెరోవైపు కూర్చున్నాం. ఆయన అరగంటలో నాలుగు పంక్తులు రాశాడు. నేను రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, సాయంత్రానికి ఒక్కటి రాశాను. నా మటుకు నాకు అది చాలా బాగుందనిపించింది. నాయన చదివి, ఒక్క అక్షరమూ దిద్దకుండా తన నాలుగింటి కింద చేర్చాడు.

పండుగ అయిన మరునాడు డ్రైవరు ఫోను చేశాడు. "సార్‌వి నాలుగూ జనం పట్టుకున్యారు మేడం. మీదొక్కటే పట్టుకోల్యా. రెండుసార్లు చెప్పించినా, ఎవురికీ నోట్లోకి రాల్యా. ఏమనుకోవద్దండి" అన్నాడు.

నేను నవ్వేశాను గానీ లోపల కొంచెం నొచ్చుకున్న మాట నిజం. నాయనకు చెప్పాను. ఆయన నా కాగితం తెమ్మని, కళ్ళజోడు సర్దుకుని, పెదవులు కదిలిస్తూ రెండుసార్లు చదువుకున్నాడు.

"చదివేదానికి బాగుండాది పాపా," అన్నాడు. "అరిచేదానికి ఊపిరి చాలదు. ఈడ, నడుమన విరగ్గొట్టు."

పెన్సిలుతో ఆ చోట చిన్న గీత గీసి చూపించాడు. తర్వాత ఇద్దరం ఆ పంక్తిని ముందుగదిలో నిలబడి, గట్టిగా, అటూ ఇటూ మార్చి మార్చి పలికి చూసుకున్నాం. అమ్మ వంటింట్లో నుంచి వచ్చి, "అన్నం ఆరిపోతాంది, ఏంది మీ ఇద్దరి గోల" అంది.